పరదేశమున పసిబిడ్డతో ప్రయాణము

(కూర్మన్నపాలెమున జరిగిన సంఘ వార్షిక మహాసభలో చేసిన యుపన్యాసము)



ఈ సభలో ప్రొద్దుటినుండి విద్యను గూర్చియు, వివాహములలోని దుర్వ్యయమును గూర్చియు, విద్యార్థి వసతిగృహపు నిధిని గూర్చియు పెద్దలు ప్రసంగించిరి. వారి వెనుక నేను లేచి పసిబిడ్డ ప్రయాణమును గూర్చి మాటలాడుట కొందఱికి అల్పవిషయముగా తోచవచ్చును. నేను పండితుడను గాను. మన యుక్కు కర్మాగారములో ముప్పది సంవత్సరములకు పైగా పనిచేసి విశ్రాంతి గొన్నవాడను. నాకు తెలిసిన దొక్కటే. నేడు మన కుటుంబములలో బిడ్డలు పరదేశమున లేని యిండ్లు నానాటికి తగ్గిపోవుచున్నవి. కోడలి పురిటికని, కూతురి యుద్యోగమని, ఏబది యరువది యేండ్లు నిండిన తాతలు, మామ్మలు మనుమలను చంక నెత్తుకొని సముద్రములు దాటుచున్నారు. ఆ ప్రయాణములో మన తెలివితక్కువ మనకు తెచ్చునది చిక్కు మాత్రమే. బిడ్డకు తెచ్చునది ప్రాణాపాయము. కావున ఈ సంగతి యల్పము గాదని నా మనవి.

మా యింట అట్టి ప్రయాణములు రెండు జరిగినవి. మొదటిది 1942వ సంవత్సరమున. రెండవది 2018వ సంవత్సరమున. రెండును బర్మా దేశమునకు సంబంధించినవే. మొదటిదానిలోని బిడ్డ మా తల్లి. రెండవదానిలోని బిడ్డ ఆమె మునిమనుమరాలు. ఈ రెంటిని విన్నవించి, వానినుండి నేను నేర్చిన నాలుగు మాటలు చెప్పి కూర్చుండెదను.

మన ప్రాంతమువారు రంగూను పట్టణమును ‘రంగము’ అని పిలుచుచుండిరి. ‘వాడు రంగము పోయినాడు’ అనగా పొట్టకూటికి సముద్రము దాటినాడని యర్థము. విశాఖపట్టణము, భీమునిపట్టణము, కాకినాడ రేవులలో పొగయోడ లెక్కి, డెక్కుమీద మూటలను తలగడలుగా జేసికొని మనవారు వేలకొలది పోయిరి. మేస్త్రీలు ముందుగా సొమ్మిచ్చి తీసికొని పోవుచుండిరి. ఆ ఋణము తీరువఱకు వారు చెప్పిన పని చేయవలెను. రేవులో బస్తాలు మోయుట, బియ్యపు మిల్లులలో కూలి, రిక్షా లాగుట, ఇవియే మనవారి వృత్తులు. 1931వ సంవత్సరపు జనాభా లెక్కలలో రంగూనునందలి నాలుగు లక్షల జనములో సగమునకు మించి హిందూదేశీయులే యుండిరి. వారిలో స్త్రీలు మిక్కిలి తక్కువ. 1930 మే నెలలో రేవు పని విషయమై తెలుగు కూలీలకును బర్మా కూలీలకును పుట్టిన తగవు పెద్ద కొట్లాటగా మాఱి, నూరుమందికి మించి చనిపోయిరి. అయినను పోవుట మానలేదు. ఆకలికి భయ మెక్కడిది?

మా తాత ఆ రేవులో కూలి. కొన్ని యేండ్లు ఒంటరిగా నుండి, తరువాత మా అమ్మమ్మను తీసికొని పోయెను. 1937 ఏప్రిలు 1వ తేదీన బర్మా హిందూదేశమునుండి వేరుపడెను. ఆ మరుసటి యేట మా తల్లి రంగములో పుట్టెను. కూర్మన్నపాలెము బిడ్డయే కాని, పుట్టినది పరదేశమున.

1941 డిసెంబరు 23వ తేదీన జపాను విమానములు రంగూనుపై బాంబులు వేసెను. ఒక్క దినమున వేయిమందికి మించి మరణించిరి. జనము కాలినడకను ఉత్తరముగా బయలుదేరెను. రేవు పని యాగరాదని కూలీలను నిలుపజూచుచుండిరి గనుక మా తాత వెంటనే కదలలేక, 1942 ఫిబ్రవరి మొదట మా అమ్మమ్మను ఊరివారి గుంపుతో పంపెను. ఆమె చంకలో ఎనిమిది నెలల కొడుకు; చేతిని పట్టుకొని నాలుగేండ్ల కూతురు. అమ్మమ్మకు చదువు రాదు. మా తాత, తమ వరుస యిండ్లలో అక్షరములు వచ్చిన యొకని చేత ఒక కాగితపు ముక్కపై బిడ్డ పేరు, తండ్రి పేరు, కూర్మన్నపాలెము, విశాఖపట్టణము తాలూకా అని వ్రాయించెను. దానిని చుట్ట చుట్టి రాగి తాయెత్తులో పెట్టించి, మైనముతో మూసి, మా తల్లి మెడలో కట్టెను. ‘దేవుని తాయెత్తు చాలదా?’ అని అమ్మమ్మ యడిగెనట. ‘దేవునికి మన ఊరు తెలుసు. మనుషులకు తెలియదు’ అని మా తాత యనెనట.

వారు ప్రోము పట్టణము చేరి, ఐరావతీ నది దాటి, అరకాను కొండలలో నూరు మైళ్లకు పైబడిన త్రోవను టౌంగుప్పు వఱకు నడచిరి. ఆ త్రోవలో నీరు లేదు. ఉన్నచోట కలరా యుండెను. నడువలేని ముసలివారిని చెట్లక్రింద దించి పోయినవా రుండిరి. మా మేనమామకు నడి త్రోవలో విరేచనములు పట్టుకొనెను. గుంపులోని పెద్దలు ‘విరేచనములకు నీరు పోయరాదు, పాలు పట్టరాదు, కడుపు ఎండగట్టవలె’ నని చెప్పిరి. అది ఆ కాలమున అందఱి నమ్మకము. అమ్మమ్మ పెద్దల మాట విని బిడ్డకు పాలు మాన్పెను. మూడవనాడు బిడ్డ పోయెను. ఒక వెదురు పొద ప్రక్క గొయ్యి తీసి కప్పి, గుంపు ఆగదు గనుక ఆమెయు నడిచెను. ‘రొమ్ములలో పాలుండగనే పిల్లడు దప్పితో పోయినా’ డని ఆమె తన యెనుబదవ యేట కూడ నాతో చెప్పి యేడ్చినది. ఆమెకు కీడు చేసినది శత్రువు బాంబు గాదు. మంచి చేయదలచినవారి యజ్ఞానము.

టౌంగుప్పునుండి పడవలో అక్యాబు, అచ్చటినుండి ఓడలో చిట్టగాంగు, పిదప రైలును పడవయు మార్చి కలకత్తా చేరిరి. అక్కడ మద్రాసు మార్గపు రైలెక్కిరి. ఇక అరణ్యములు లేవు, కలరా లేదు. ఇల్లు చేరినట్లే యని అమ్మమ్మ మనసు తేలికపడెను. ఖరగపూరు స్టేషనులో రైలాగినప్పుడు నీటికై చెంబు పట్టుకొని దిగెను. నిద్రనుండి లేచిన మా తల్లి వెనుకనే దిగినది. ఆ సంగతి అమ్మమ్మ యెఱుగదు. ఆమె జనసమ్మర్దములో నీరు పట్టుకొని యెక్కెను. బిడ్డ ఎక్కలేదు. రైలు కదలిన తరువాత గాని ఆమెకు తెలియదు. తరువాతి స్టేషనులో దిగి, రాత్రియంతయు పట్టాల వెంబడి వెనుకకు నడచెను.

ఖరగపూరు రైల్వే కార్ఖానాలో తెలుగువారు పెక్కుమంది పనిచేయుచుండిరి. నేటికిని ఆ యూరిలో తెలుగు వీధులు కలవు. పని దిగి వచ్చుచున్న యొక కార్మికుడు, ప్లాటుఫారముపై నేడ్చుచున్న బిడ్డ నోట తెలుగు మాట విని, మెడలోని తాయెత్తు విప్పి, కాగితము చదివెను. స్టేషనువారికి తెలిపి, బిడ్డను తన యింటికి గొనిపోయి భార్యచేత గంజి పోయించెను. తెల్లవారుజామున స్టేషను వాకిట తల విరబోసికొని కూలబడియున్న మా అమ్మమ్మ యెదుట నిలిచి, ‘నీ గుంటేనా, అప్పా?’ అని యడిగెను. ఆయన కులమేదో మా అమ్మమ్మ యడుగలేదు. ఆమె కులమేదో ఆయనయు అడుగలేదు. మూడు దినము లింట నుంచుకొని, టిక్కెట్టు కొనియిచ్చి, రైలెక్కించెను.

వారు వాల్తేరులో దిగినది చైత్ర బహుళమున. 1942 ఏప్రిలు 6వ తేదీన జపానువారు విశాఖపట్టణముపై బాంబులు వేసిరి. పట్టణము ఖాళీ యగుచుండెను. అందఱును ఊరు విడిచి పోవుచుండగా వీ రిద్దఱును వచ్చుచుండిరి. మా తాత తరువాత మణిపురపు త్రోవను నడచి, ఆ యేటి వానలకు ఇల్లు చేరెను. ఆ సంవత్సరమున బర్మానుండి నడచి వచ్చినవారు నాలుగు లక్షలకు మించిరని చరిత్రకారు లందురు. త్రోవలో రాలినవారు వేలకొలది. వారిలో పసిబిడ్డ లెందఱో ఎవరు లెక్కించిరి?

ఇది మొదటి ప్రయాణము. ఇక రెండవది.

2018వ సంవత్సరమున మా కుమారునికి రంగూనులో, నేటి పేరున యాంగోనులో, కొంతకాలము ఉద్యోగ మయ్యెను. కోడలు అతనితో నుండెను. నాలుగేండ్ల మనుమరాలు మావద్ద కూర్మన్నపాలెమున నుండెను. ఆ డిసెంబరులో బిడ్డను తలిదండ్రులకడకు నేనును నా భార్యయు తీసికొని పోవలసివచ్చెను. అప్పటికి మా తల్లికి ఎనుబది యేండ్లు. ఆ మాట వినగానే ఆమె యడిగిన మొదటి ప్రశ్న: ‘గుంట మెడలో ఏటి కడతావు?’

‘అమ్మా! ఇప్పుడు పాస్‌పోర్టు లున్నవి, ఫోను లున్నవి’ అంటిని. ‘పాస్‌పోర్టు నీ సంచీలో ఉంటాది. ఫోను నీ జేబులో ఉంటాది. గుంట తప్పిపోతే గుంట దగ్గిర ఏటుంటాది?’ అని యామె మరల నడిగినది. నాకు బదులు దొరకలేదు. మా కుమారుడు తన కార్యాలయపు గుమాస్తాచేత బర్మా లిపిలో బిడ్డ పేరు, తన ఫోను అంకె, బస చిరునామా వ్రాయించి ఛాయాచిత్రము పంపెను. మే మచ్చు తీసితిమి. ఆ గుండ్రని యక్షరములను జూచి మా తల్లి ‘ఇది తెలుగు కాదా?’ అని యాశ్చర్యపడి, దానిని మైకాకాగితములో చుట్టి బిడ్డ గౌనులకు లోపల గుడ్డజేబులు కుట్టి యందు పెట్టినది.

కలకత్తానుండి యాంగోనునకు విమానములో సుమారు రెండు గంటలు. మా అమ్మమ్మకు రెండు నెలలు పట్టిన దూరము మనుమరాలి నిద్రలో గడచిపోయెను.

నాలుగవనాడు బొగ్యోకే బజారునకు పోతిమి. ఇది 1926లో కట్టబడి స్కాటు మార్కెట్టని పేరొంది, స్వాతంత్ర్యానంతరము బొగ్యోకే ఆంగ్‌సాను పేర పిలువబడుచున్న గొప్ప అంగడి. మా తాత ఆ పాతపేరు చెప్పుచుండగా చిన్ననాట వింటిని. ఆ తలపులో నేనొక దుకాణము ముందు నిలిచి, బిడ్డ వ్రేలు విడిచితిని. నా భార్య నాయొద్ద నున్నదనుకొన్నది. నేను ఆమెయొద్ద నున్నదనుకొంటిని. చూచునప్పటికి బిడ్డ లేదు. నోట మాట రాలేదు. వచ్చినను ఆ భాష నాకు రాదు. ఉక్కు కరిగించు కొలుముల యెదుట బెదరని నేను ఆ బజారునడుమ పసివానివలె నేడ్చితిని.

పావుగంటకు కుమారునికి ఫోను వచ్చెను. నాలుగు వరుసల యవతల గాజులమ్ము బర్మా స్త్రీ, ఏడ్చుచున్న బిడ్డను తన పీటపై కూర్చుండబెట్టి, గౌనులోని కాగితము చదివి, తన సొమ్ముతో ఫోను చేసినది. మేము పోవునప్పటికి బిడ్డ చెక్కిళ్లకు, వారు చలువకై పూసికొను తనకా గంధము పూసియున్నది, చేత అరటిపండున్నది. నేను డబ్బు తీయబోగా ఆమె చేయి అడ్డముంచి నవ్వినది. ఆ కాగితము తెలుగులో నుండినయెడల ఆమె యేమి చేయగలదు? ఖరగపూరులో తెలుగు పనికివచ్చినది తెలుగువాడు దొరకినందువలన. పరదేశమున ఆ దేశపు లిపియే కావలెను.

సోదరులారా! రెండు ప్రయాణములందును ఒక్కటి గమనింపుడు. అడవిలో అమ్మమ్మ బిడ్డ చేయి విడువలేదు. గండము గడచినదనుకొన్న స్టేషనులో విడిచినది. నేనును వింతలు చూచుచున్న బజారులోనే విడిచితిని. భయమున్నచోట మనము జాగ్రత్తగానే యుందుము. నిశ్చింతగా నున్నచోటనే బిడ్డకు కావలి యెక్కువ కావలెను.

ఇక అనుభవమువలన నేర్చినవి కొన్ని మనవి చేసెదను.

పురిటిబిడ్డకైనను పాస్‌పోర్టు వేఱుగా నుండవలెను. చిన్నపిల్లల పాస్‌పోర్టు గడువు ఐదేండ్లే గనుక పెద్దలది పదేండ్లున్నదని యేమఱరాదు. గడువు ఆరు నెలలైన మిగిలియుండనిదే పెక్కు దేశములు రానీయవు. తలిదండ్రులు వెంట లేక తాతలు తీసికొని పోవునప్పుడు, వారిరువురి సమ్మతిపత్రము నోటరీచే ధ్రువపఱపించి, జననపత్రముతో గూడ చేతిసంచిలో నుంచవలెను. బిడ్డను దొంగిలించుకొని పోవుచున్నారేమో యని యధికారు లనుమానించుట తప్పుగాదు; అది బిడ్డ రక్షణకే.

విమానము లేచునప్పుడును దిగునప్పుడును బిడ్డకు చెవిపోటు కలుగును. ఆ సమయమున పాలో నీరో త్రాగించినయెడల మ్రింగుటచేత చెవులు సర్దుకొనును. చేతిసంచిలో ద్రవపదార్థములకు పరిమితి యున్నను, పసిబిడ్డ పాలకును మందులకును మినహాయింపు కలదు. తనిఖీవారికి ముందుగా చెప్పవలెను. మందులను వైద్యుని చీటీతో, అసలు పెట్టెలలోనే తీసికొని పోవలెను. వంటసరకుల విషయమున మన యాడువారు మిక్కిలి జాగ్రత్త వహింపవలెను. మన మసాలాలో వేయు గసగసాలు సింగపూరులోను, దుబాయి మొదలగు ఎమిరేట్లలోను నిషిద్ధము. కోడలి కూరకని కట్టిన పొట్లము కారాగృహమునకు దారి తీయవచ్చును. అమెరికా, సింగపూరు మొదలగు దేశములలో కారునందు పసిబిడ్డకు ప్రత్యేకపు పీట లేనిదే బండి కదల్పరాదని చట్టము. ఒడిలో కూర్చుండబెట్టుకొందు మనుట చెల్లదు.

అన్నిటికంటె ముఖ్యమైనది విరేచనముల సంగతి. నీరు మారిన చోట బిడ్డలకిది తఱచు వచ్చును. 1971లో బంగ్లాదేశపు శరణార్థులు లక్షలుగా వచ్చినప్పుడు, బనగాఁవ్ శిబిరమున కలరా చెలరేగెను. సూదిద్వారా ఎక్కించు సెలైను చాలక, డాక్టరు దిలీపు మహలనబీసుగారు ఉప్పును, గ్లూకోసును, సోడాను కలిపిన నీరు డ్రమ్ములలో పోయించి తల్లులచేతనే బిడ్డలకు త్రాగించిరి. నూటికి 30 మంది వఱకు చనిపోవుచుండిన రోగులలో మరణములు 4కు లోపడెను. ఆ మహనీయునికి 2023లో మరణానంతరము పద్మవిభూషణ బిరుద మొసగిరి. ఓ.ఆర్.ఎస్. పొట్లములు నేడు ప్రతి మందుల దుకాణమునను దొరకును. దొరకనిచోట, కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చిన్నచెంచాల చక్కెరయు, అర చిన్నచెంచా ఉప్పును, చెంచా అంచు సమముగా కొలిచి కలిపి, కొంచెము కొంచెముగా పట్టవలెను. తల్లిపాలు మాన్పరాదు. వైద్యునికి చూపుటయు ఆలసింపరాదు. మా మేనమామను బ్రతికించుటకు ఇంతయే కావలసియుండెను. గుంపులో ఉప్పున్నది, బెల్లమున్నది, తల్లి రొమ్మున పాలున్నవి. తెలిసినవా రొక్కరును లేరు.

కడపట ఈ సంఘమునకు నా విన్నపములు రెండు.

మొదటిది. పరదేశము పోవు కుటుంబములకు, ఏ దేశము పోవుచున్నారో ఆ దేశపు లిపిలో బిడ్డ చీటీ వ్రాయించి యిచ్చు ఏర్పాటు సంఘము చేయవలెను. దాని వెనుక ఉప్పు చక్కెర నీటి కొలతను తెలుగులో అచ్చువేయింపుడు. దీనికి పెద్ద నిధి యక్కఱలేదు. విదేశములలో చదువుచున్న మన పిల్లలే వ్రాసి పంపగలరు.

రెండవది కొంచెము కష్టమైనది. ఈ కూర్మన్నపాలెము ఒకప్పుడు పల్లె. 1970 ఏప్రిలు 17వ తేదీన ఉక్కు కర్మాగారము వచ్చునని పార్లమెంటులో ప్రకటింపబడెను. 1992 ఆగస్టు 1వ తేదీన దానిని జాతి కంకిత మొనర్చిరి. చుట్టుపట్ల పల్లెలవారు భూము లిచ్చిరి. దేశమంతటినుండి జనము వచ్చిరి. నేడును ఈ కూడలిలో ఒడిశానుండి, బీహారునుండి కూలికై వచ్చిన దంపతులు చంకబిడ్డలతో బస్సు దిగుచుందురు. మన బోర్డులు వారు చదువలేరు. వారి మాట మనము తెలిసికొనలేము. ఆ బిడ్డకు మన యూరే పరదేశము.

మనది కులసంఘము. మనవారిని మనము చూచుకొనుట ధర్మమే. ఆ ధర్మమునకై నేడిచ్చట కూడితిమి. కాని మా తల్లికి గంజి పోసినవా రెవరో మాకు నేటికిని తెలియదు. మా మనుమరాలికి అరటిపండిచ్చిన యామెకు మన కుల మనిన నేమో తెలియదు. వారిరువురును ముందుగా కులమడిగియుండినచో నేనీ వేదికపై నిలిచియుండను. ఆ ఋణమును వారికి తీర్చలేము. మన కూడలిలో దిగిన బిడ్డలకు తీర్పవచ్చును. మన సంఘభవనపు వాకిట ఒక నీటికుండయు, వచ్చిన తల్లి కూర్చుండుటకొక బల్లయు నుంచి, కులమడుగక ఆదరింతుమని ఈ సభ తీర్మానించిన, మా మేనమామ పడియున్న ఆ వెదురు పొదకు నేనొక పువ్వుంచినట్లు సంతోషింతును.

మా తల్లి ఇప్పుడు లేదు. ఆ రాగి తాయెత్తు మాత్రము మా యింట దేవుని పీటపై నున్నది. కాగితము పండుటాకువలె పసుపుబారినను, ‘కూర్మన్నపాలెము’ అను అక్షరములు మాత్ర మింకను చదువనగును.